అవ్వ అల్లిన దుప్పటి, హన్నా కుట్టిన అంగీ



ఈ వారం మన పాఠం పెద్ద వేదాంతాన్ని గూర్చి కాదు. ఓ కొక్కెం సూదిని గూర్చి, ఓ నూలు ఉండను గూర్చి, మనుమలకోసం క్రోషే అల్లే అవ్వలను గూర్చి. ఐనా ఈ చిన్న పనిలో గూడ దేవునికి వందనాలు చెప్పుకొనే మార్గం ఒకటి వుంది. ఆ మార్గంలో నేను ఓమారు జారిపడ్డాను. కనుక ముందుగా మా ఇంటి సంగతి చెప్పి, తర్వాత దివ్యగ్రంథం ఏమంటుందో చూస్తాను.

1. మా ఇంటి సంగతి

నాది తర్లుపాడు. మా ప్రాంతం సంగతి మీకు తెలిసిందే. ఎండలు మెండు, వానలు తక్కువ. మార్కాపురం అంటే అందరికీ పలకలు గుర్తొస్తాయి. ఎన్నో వూళ్ల బడిపిల్లలు ఆ పలకలమీదనే అక్షరాలు దిద్దారు. కాని మా పిల్లలు చదువు ముగియగానే పనులకోసం హైదరాబాదుకో బెంగుళూరుకో రైలెక్కుతారు. ఇళ్లల్లో మిగిలేది మాలాంటి ముసలివాళ్లం. మనుమలు మనుమరాండ్రు క్రిస్మసుకో, ఎండాకాలం సెలవులకో వస్తే వచ్చినట్లు.

నేను చిన్నప్పుడు గుంటూరులో బోర్డింగులో వుండి చదువుకొన్నాను. శనివారం మధ్యాహ్నాలు కన్యస్త్రీలు మాకు క్రోషే అల్లిక నేర్పేవాళ్లు. పీఠంమీద పరచే గుడ్డకు అంచు అల్లడంతో నా పని మొదలైంది. తర్వాత పెండ్లయింది, సంసారం మీద పడింది. సూదిని పెట్టెలో పెట్టేశాను.

చాలా యేండ్ల తర్వాత మా కూతురికి ఎనిమిదో నెల నిండకముందే కాన్పయింది. బిడ్డ బరువు కిలోన్నర. వాణ్ణి అద్దాల పెట్టెలో పెట్టారు. మమ్మల్ని లోపలికి రానీయలేదు. నేను బయట బల్లమీద కూర్చుండి జపమాల చెప్పుకొన్నాను. "ప్రభూ, ఈ బిడ్డను నిలబెట్టు. నా చేతులతో దుప్పటి అల్లి వాడి జ్ఞానస్నానంనాడు కప్పుతాను" అని మొక్కుకొన్నాను. బిడ్డ నిలబడ్డాడు. ఇంటికి వచ్చిన రోజే పెట్టె తెరచి సూది వెదుక్కొన్నాను. నాలుగు నెలలు అల్లాను. తెల్లని నూలు దారం, చుట్టూ నీలం అంచు. జ్ఞానస్నానంనాడు ఆ దుప్పటి చూచి అందరూ మెచ్చుకొన్నారు.

మూడేండ్ల తర్వాత నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. నా దుప్పటి బాల్కనీలో కనిపించింది. చెప్పులు పెట్టుకొనే స్టాండు కింద మడిచి వేసివుంది. నేను నోరు తెరచి ఏమీ అనలేదు. తిరుగు రైల్లో గిద్దలూరు దాటి మా వూరు వచ్చేదాకా ఒకటే ఆలోచన. నేనింత కష్టపడి చేస్తే వీళ్లకు విలువ తెలియలేదే అని. ఇంటికి వచ్చి సూదిని మళ్లా పెట్టెలో పెట్టాను. ఆరు నెలలు దారం ముట్టలేదు. కూతురు ఫోను చేస్తే గూడ ముక్తసరిగా మాట్లాడాను. పూజకు వెళ్లేదాన్నే. కాని వందనాలు చెప్పే ప్రార్థన వచ్చినపుడు నా పెదవులు కదిలేవి, మనసు మాత్రం ఆ చెప్పుల స్టాండు దగ్గరే వుండేది.

ఈ బాధ నా ఒక్కదానిదే కాదు. ఊరగాయ పెట్టి పంపితే తినలేదని ఒకరు, చీర కొనిస్తే కట్టలేదని మరొకరు నొచ్చుకొంటూనే వుంటారు. కనుక ఈ బాధకు మందేమిటో దివ్యగ్రంథంలో వెదుకుదాం.

2. హన్నా ఏటేటా కుట్టిన అంగీ

పూర్వవేదంలో హన్నా కథ మీకు తెలుసు. ఆమెకు బిడ్డలు లేరు. షిలో దేవాలయంలో ఏడ్చి ప్రార్థించింది. కొడుకు పుడితే వాణ్ణి దేవునికే అర్పిస్తానని మొక్కుకొంది. సమూవేలు పుట్టాడు. పాలు విడిచిన తర్వాత ఆమె బిడ్డను తీసికొని వెళ్లి ఏలీ యాజకుని దగ్గర వదలివచ్చింది. అటుపిమ్మట జరిగిన ఓ చిన్న సంగతిని గ్రంథం మరువకుండా చెప్పింది. ఆ తల్లి ఏటేటా ఓ చిన్న అంగీ కుట్టి, భర్తతో బలి అర్పించడానికి వెళ్లేపుడు దాన్ని కొడుక్కి తీసికొనిపోయేది (1 సమూ 2,19).

ఇక్కడ మూడంశాలు గమనించాలి.

మొదటిది, ఆమె ఈ అంగీని బలితోపాటు తీసికొని వెళ్లింది. అది కొడుక్కి బహుమతే. కాని దాని మూలం దేవునికి చెప్పుకొనే కృతజ్ఞతలో వుంది. అడిగిన బిడ్డను దేవుడిచ్చాడు. ఆ మేలుకు ఆమె చేతులు పలికిన వందనమే ఆ అంగీ.

రెండవది, ఆమె కొలత చూడకుండానే కుట్టింది. బిడ్డ యేడాదికి ఒక్కసారే కన్పిస్తాడు. ఈ యేడు ఎంత పొడుగయ్యాడో, భుజాలు ఎంత విచ్చుకొన్నాయో ఇంటి దగ్గర కూర్చుండి ఊహించుకోవాలి. దూరాన వున్న మనుమలకోసం అల్లే ప్రతి అవ్వకూ ఈ ఊహ తెలుసు. ఆ ఊహ గూడ ఓ ప్రార్థనే. బిడ్డను తలచుకోకుండా కొలత ఊహించలేం గదా!

మూడవది మనకు ముఖ్యమైంది. నిరుడు కుట్టిన అంగీ ఈ యేడు పట్టదు. అది చినిగిపోయి వుంటుంది, లేదా మరో బిడ్డకు పోయివుంటుంది. హన్నా పాత అంగీని దాచావా అని సమూవేలును అడిగినట్లు గ్రంథంలో ఎక్కడా లేదు. ఆమె కొత్తది కుట్టుకొని వచ్చింది. బిడ్డ పెరగాలంటే బట్ట పాతబడాల్సిందే.

3. తొమ్మిదిమంది ఎక్కడ?

"ఐతే మేలు పొందినవాడు వందనం చెప్పనక్కరలేదా?" అని మీరు అడగవచ్చు. చెప్పాలి. లూకా సువార్తలో పదిమంది కుష్ఠరోగులకు నయమైంది. ఒక్కడు మాత్రమే తిరిగివచ్చి ప్రభువు పాదాలమీద పడ్డాడు. వాడు గూడ సమరీయుడు. తక్కిన తొమ్మిదిమంది ఎక్కడ అని ప్రభువు అడిగాడు (17,11-19). కనుక కృతఘ్నత ఆయనకు గూడ బాధ కల్గించింది.

కాని ఆయన ఆ తొమ్మిదిమందికిచ్చిన ఆరోగ్యాన్ని మళ్లా లాగుకోలేదు. వాళ్ల చర్మం మీదికి కుష్ఠం తిరిగిరాలేదు. ఇచ్చింది ఇచ్చిందే. తిరిగివచ్చినవాడికి మాత్రం అదనంగా ఓ మాట దొరికింది. నీ విశ్వాసం నిన్ను రక్షించిందని ప్రభువు వాడితో చెప్పాడు. అంటే వందనం వల్ల లాభపడింది వందనం చెప్పినవాడే. మనం పిల్లలకు వందనం చెప్పడం నేర్పేది మన మనసు చల్లబడడానికి కాదు, వాళ్ల మేలుకోసం. ఈ రెంటికీ చాలా తేడా వుంది.

దివ్యబలిపూజకు యూకరిస్తియ అని పేరు. గ్రీకు భాషలో ఈ మాటకు కృతజ్ఞత అని అర్థం. ప్రభువు తాను అప్పగింపబడిన రాత్రి రొట్టె తీసికొని, ముందు తండ్రికి వందనాలు చెప్పి, తర్వాత విరిచి యిచ్చాడు (1 కొరి 11,23-24). ఎవరికిచ్చాడు? ఆ రాత్రే తన్ను ఎరుగనని బొంకబోయే పేతురుకు గూడ ఇచ్చాడు. తన్ను విడిచి పారిపోబోయే శిష్యులందరికీ ఇచ్చాడు. ముందు వందనం, తర్వాత దానం. పుచ్చుకొనేవాళ్లు విలువ తెలిసినవాళ్లా కాదా అని ఆయన మొదట లెక్క చూచుకోలేదు.

నేను తప్పిపోయింది సరిగ్గా ఇక్కడే. నా దుప్పటి దేవునికి చెల్లించిన మొక్కు. బిడ్డ బ్రతికినందుకు వందనం. అది జ్ఞానస్నానం రోజునే చెల్లిపోయింది. చెల్లిన మొక్కును నేను మళ్లా అప్పుపత్రంగా మార్చి కూతురిమీద బాకీ రాసుకొన్నాను.

4. సూది పట్టిన పుణ్యస్త్రీలు

తిరుసభ చరిత్రలో సూదిదారాలకు మంచి స్థానమే వుంది. యొప్పాలో తబితా అనే శిష్యురాలు వుండేది. ఈమెకే దోర్కా అని గూడ పేరు. ఆమె చనిపోయినపుడు విధవలు పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ, ఆమె తమతో వున్నపుడు కుట్టిన అంగీలూ వస్త్రాలూ చూపించారు (అ.కా. 9,36-42). ఆమె చేసిన బోధ ఒక్కటి గూడ గ్రంథంలో లేదు. ఆమె కుట్టిన బట్టలే సాక్ష్యం పలికాయి.

మనకు ప్రియమైన పునీత చిన్న తెరేజమ్మ తల్లి జెలీ మార్టిన్ లేసు పనిచేసిన స్త్రీ. ఫ్రాన్సులోని అలాన్సోన్ పట్టణం సూదితో అల్లే సన్నని లేసుకు పేరుపడింది. జెలీ 1853లో అక్కడ సొంతంగా ఆ వ్యాపారం ప్రారంభించింది. ఇతర స్త్రీలు ఇండ్లలో అల్లి తెచ్చిన ముక్కలను అతుకు తెలియకుండా కలిపి కుట్టేది. తొమ్మిదిమంది బిడ్డలను కన్నది, నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకొంది. 1877లో క్యాన్సరుతో చనిపోయేనాటికి తెరేజమ్మకు నాలుగేండ్లు. మిగిలిన ఐదుగురు కూతుళ్లూ మఠాల్లో చేరారు. ఫ్రాన్సిస్ పోపుగారు 2015 అక్టోబరు 18న జెలీని, ఆమె భర్త లూయీని కలిపి పునీతులుగా ప్రకటించారు. లేసు అల్లుతూ, బిడ్డలను సాకుతూ, చనిపోయిన బిడ్డలకోసం ఏడుస్తూ గూడ పునీతులు కావచ్చునన్నమాట.

ఐర్లండులో 1845లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి ఘోరమైన కరువు వచ్చింది. ఆ రోజుల్లో కార్క్ నగరం దగ్గరి బ్లాక్‌రాక్‌లో ఉర్సులా సభ కన్యస్త్రీలు బీద ఆడపిల్లలకు క్రోషే నేర్పారు. ఎన్నో కుటుంబాలు ఆ కూలితో ప్రాణాలు నిలుపుకొన్నాయి. అక్కడి అల్లిక నేటికీ ఐరిష్ క్రోషే అనే పేరుతోనే చెలామణి ఔతూంది.

5. నరసాపురం చెప్పే పాఠం

మన ప్రాంతానికి పలకల పేరుంటే, మన రాష్ట్రంలో క్రోషే లేసు పేరు నరసాపురానిది. పశ్చిమ గోదావరి డెల్టాలో 19వ శతాబ్దంలో మిషనరీలు స్త్రీలకు ఈ పని నేర్పారు. నాటినుండి తల్లి నుండి కూతురికి, కూతురినుండి మనుమరాలికి ఆ విద్య దిగివస్తూంది. అక్కడి స్త్రీలు అల్లిన బల్లగుడ్డలు, దిండుగలేబులు, పిల్లల గౌనులు విదేశాలకు ఎగుమతి ఔతాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు, అనగా జీఐ గుర్తింపు వచ్చింది.

ఐతే ఈ కథకు రెండో వైపు గూడ వుంది. మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసి 1982లో ఓ పుస్తకం ప్రకటించింది. ఈ స్త్రీలు ఇంటిపని అంతా చేసికొంటూ రోజుకి చాలా గంటలు లేసు అల్లుతారు. ఐనా లోకం వాళ్లను పనివాళ్లుగా గుర్తించదు, తీరిక సమయంలో అల్లుకొనే గృహిణులని అంటుంది. ఆ పేరుతోనే వాళ్లకు అతి తక్కువ కూలి ముడుతుంది, లాభం వ్యాపారులకు పోతుంది అని ఆమె వివరించింది.

ఈ సంగతి మన పాఠానికి ఎందుకు? చేతిపనికి కృతజ్ఞత అనేది నోటిమాట మాత్రమే కాదు. అల్లింది మన ఇంటి అవ్వ ఐతే కృతజ్ఞత ప్రేమ రూపంలో వుండాలి. పరాయి తల్లి ఐతే అది న్యాయమైన కూలి రూపంలో గూడ వుండాలి. కూలివాళ్లకు ఎగ్గొట్టిన కూలి దేవుని చెవులదాకా మొరపెడుతుందని పునీత యాకోబు హెచ్చరించాడు (5,4). 13వ లియో పోపుగారు 1891లో కార్మికులను గూర్చి వ్రాసిన విశ్వలేఖలో గూడ న్యాయమైన వేతనాన్ని నొక్కి చెప్పారు. కనుక ఏ తిరునాళ్లలోనో లేసు గుడ్డ కొనేపుడు పది రూపాయలకోసం గీచిగీచి బేరమాడకండి. ఒక్క జాన లేసు అల్లి చూస్తే ఆ గుడ్డ ధర ఎంత తక్కువో మనకే తెలుస్తుంది.

6. చేతికి పని

ఇక చేతికి పని చెప్పుకొందాం. పసిబిడ్డకు టోపీ అల్లడం సులభం. మన ఎండలకు ఉన్ని వద్దు, మెత్తని నూలు దారం మంచిది. దారపు ఉండమీది నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. కండ్లు మసకబారినవాళ్లు తక్కువ నంబరు దారం, దానికి తగ్గ లావు సూది తీసికోవాలి.

మొదట నాలుగు గొలుసు కుట్లు వేసి, వాటిని కలిపి చిన్న వలయం చేయండి. ఆ వలయంలో పన్నెండు నిలువు కుట్లు వేయండి. వీటినే డబుల్ కుట్లు అంటారు. ప్రతి వరుస మొదట్లో వేసే మూడు గొలుసు కుట్లను ఒక నిలువు కుట్టుగా లెక్కించుకోవాలి. రెండో వరుసలో ఒక్కోదానిలో రెండేసి వేస్తే 24 ఔతాయి. మూడో వరుసలో ఒకదానిలో ఒకటి, మరొకదానిలో రెండు చొప్పున వేస్తే 36. ఇలా వరుసకు పన్నెండు పెంచుకొంటూ పోతే అల్లిక అప్పడంలాగ చదునుగా వస్తుంది. పెంపు ఎక్కువైతే అంచు అలలు అలలుగా లేస్తుంది. తక్కువైతే గిన్నెలాగ ముడుచుకొంటుంది. బిడ్డ తల చుట్టుకొలత 42 సెంటీమీటర్లు వుంటే, ఆ చదును వలయం అడ్డుకొలత 13 సెంటీమీటర్లు దాటకూడదు. అక్కడ పెంపు ఆపి, చెవులు కప్పేదాకా అదే లెక్కతో నేరుగా అల్లండి.

కొన్ని జాగ్రత్తలు. పసివాళ్ల టోపీకి గుండీలూ, పూసలూ, మెడకు కట్టే పొడుగు రిబ్బన్లూ వద్దు. పసివేళ్లు చిక్కుకొనేంత పెద్ద రంధ్రాలు వద్దు. ఉతికి ఆరబెట్టి ఇవ్వండి. బిడ్డ నిద్రపోయేపుడు టోపీ తీసివేయాలనీ, దుప్పటి ముఖం మీదికి రానీయకూడదనీ తల్లికి చెప్పండి. ఎదిగిన మనుమలకు జపమాల పెట్టుకొనే చిన్న సంచి గాని, బైబులులో పెట్టుకొనే గుర్తుపట్టీ గాని అల్లవచ్చు.

పలకమీద తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచివేస్తాం. అల్లికలో అలా కుదరదు. తప్పు పడిన చోటిదాకా విప్పుకొంటూ వెనక్కు పోవాలి. మన పాపసంకీర్తనం గూడ ఇలాంటిదే. ఇంకో సంగతి. క్రోషేలో పని ముగిసేపుడు సూదిమీద ఒక్క ఉచ్చు మాత్రమే మిగులుతుంది. దారం కొసను ఆ ఉచ్చులోనుండి లాగి బిగించకపోతే, నాలుగు నెలల పని గూడ ఒక్క లాగుడుతో వూడిపోతుంది. మన సేవలకు ఆ చివరి ముడి కృతజ్ఞత. నేను ఆ ముడి వేయలేదు. అందుకే ఒక్క చూపుతో నా సంతోషమంతా వూడిపోయింది.

7. మళ్లా మా ఇంటికి

ఓ ఆదివారం పూజలో హన్నా పఠనం చదివారు. ఆ రోజు ఇంటికి వచ్చి కూతురికి నేనే ఫోను చేశాను. ఆరు నెలలుగా మనసులో పెట్టుకొన్నది చెప్పాను. నీమీద అలిగాను, అది నా తప్పు అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా అంది. "వాడు ఆ దుప్పటి లేనిదే పడుకొనేవాడు కాదమ్మా. నోట్లో పెట్టుకొని పీకి పీకి నడిమికి చించినాడు. పారేయబుద్ధి కాలేదు. అందుకని అట్ల మడిచి వేసినాను."

నేను చాలాసేపు ఏడ్చాను. కాని పాఠం ఇది కాదు. దుప్పటిని వాళ్లు ఒక్క రోజు గూడ వాడకుండా మూల పడేసివున్నా నేను సూది పట్టాల్సిందే. వాడు బ్రతికివున్నాడు. బడికి పోతున్నాడు. నా మొక్కు దేవుడు ఆలకించాడు. అంతకంటె నాకు రావలసిన బాకీ ఏమీ లేదు. ఇప్పుడు కంటికి శుక్లాల ఆపరేషనయింది. లావు దారంతో అల్లుతున్నాను. కుట్లను కండ్లతో కంటె వేలికొసలతోనే ఎక్కువగా లెక్కపెడతాను. ఒక్కో వరుసకు ఒక్కో మనుమడి పేరు చెప్పి ఓ మంగళవార్త జపం చెప్పుకొంటాను.

ఫ్రాన్సిస్ పోపుగారు 2021లో తాతల, అవ్వల, వృద్ధుల ప్రపంచ దినాన్ని నెలకొల్పారు. అది యేటా జూలై నాలుగో ఆదివారం వస్తుంది. ప్రభువుకు అవ్వాతాతలైన పునీత అన్నమ్మ, జ్వాకీముల ఉత్సవం జూలై 26కు అది దగ్గరగా వుంటుంది. తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో వుండేదని పౌలు గుర్తుచేశాడు (2 తిమో 1,5). మనం అల్లిన టోపీ యేడాదికి పట్టదు. కాని దాన్ని అల్లేపుడు మన పెదవులమీద వున్న వందనాన్ని చూచిన బిడ్డ దాన్ని పెద్దయ్యాక గూడ మరువడు.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. నేను యిచ్చిన ఏ బహుమతిని మనసులో బాకీగా రాసిపెట్టుకొన్నాను? ఈ వారం దాన్ని కొట్టివేయగలనా?

2. నాకోసం మా అవ్వ, అమ్మ చేతులతో చేసిన వస్తువేదైనా గుర్తుందా? వాళ్లు బ్రతికివుంటే ఈ వారమే వందనం చెప్పానా? గతించివుంటే వాళ్లకోసం ప్రార్థించానా?

3. నా ఇంట్లో, పొలంలో పనిచేసే వాళ్లకు వందనంతోపాటు న్యాయమైన కూలి గూడ ఇస్తున్నానా?

ప్రార్థన

ప్రభూ, అడుగకముందే మాకు బిడ్డలను, బిడ్డల బిడ్డలను ఇచ్చావు. వణికే ఈ చేతులను గూడ ఇంకా పనికి పిలుస్తున్నావు. మేము యిచ్చేది నీవు యిచ్చినదేనని మరువకుండా చూడు. మా ప్రతి అల్లికకూ చివరి ముడిగా కృతజ్ఞతను బిగించు. ఆమెన్.